సైకిలు మీద సామాను ఎక్కడ కట్టాలి?

సాయంత్రం బడి విడిచాక ఏ కాలవ గట్టు మీదో నిలబడి, వచ్చే పోయే సైకిళ్లను ఓ గంటసేపు గమనించండి. అరటి గెలలు రెండు పక్కలా వేలాడదీసుకుని రావులపాలెం మార్కెట్టు దారి పట్టిన రైతు ఒకరు. కేరియర్‌కు చెరో వైపూ పాలక్యాన్లు తగిలించుకున్న పాలవారు మరొకరు. కొబ్బరి దింపు తీసే కార్మికుడు తన మోకును చుట్టచుట్టి, కత్తికి గుడ్డ చుట్టి, ముందు రాడ్డుకు కట్టుకుని పోతూంటాడు. వడ్రంగి మేస్త్రి రంపం, బాడిత, ఉలి పెట్టిన గోనెసంచీని రాడ్డు కింద, తన రెండు మోకాళ్ల మధ్య వేలాడగట్టుకుంటాడు. ఇక కత్తులు సానపట్టే ఆయన సంగతి చెప్పనే అక్కరలేదు. ఆయన సానచక్రం సైకిలు మీదనే బిగించి ఉంటుంది. స్టాండు వేసి పెడలు తొక్కితే చాలు, వీధి చివరే కర్మాగారం!

మోపెడ్లూ ఆటోలూ వచ్చాక ఇటువంటి సైకిళ్లు తగ్గాయిగాని, మన గోదావరి జిల్లాల్లో ఇంకా మాయం కాలేదు. వీళ్లలో చాలామంది భౌతికశాస్త్రం చదివినవారు కాకపోవచ్చు. అయినా ఎవరి సామాను ఉండవలసిన చోట అదే ఉంటుంది. బరువైనది కిందికి, గట్టిగా, రెండు పక్కలా సమంగా!

ఇప్పుడు మన బడి ముందున్న సైకిళ్ల వరుస చూడండి. హ్యాండిల్‌కు ఒక పక్క పుస్తకాల సంచి, మరో పక్క టిఫిను కేరేజీ. సంచి పట్టీ ముందు చక్రం పక్కనే ఊగులాడుతూంటుంది. గాలి పంపు లేదు, పానా లేదు, పంచరు సామాను లేదు. పుస్తకంలో గరిమనాభి, భ్రామకం, జడత్వం అన్నీ చదివిన మనం సైకిలు ఎక్కేసరికి వాటిని మరచిపోతున్నామన్నమాట!

మరి సైకిలు మీద పనిముట్లూ, అదనపు సామానూ ఎక్కడ పెట్టుకోవాలి? అక్కడే ఎందుకు పెట్టుకోవాలి? ఈ నెల ఆ సంగతి చూద్దాం.

ముందు ఒక ప్రశ్న: అసలు పనిముట్లు మోయడం ఎందుకు?

"సెంటర్లో పంచరు షాపు ఉందిగా, ఈ బరువంతా ఎందుకు?" అని మీరనవచ్చు. నిజమే. కాని పంచరు షాపు ఉన్న చోటు చూసుకుని పంచరు పడదు కదా! 1974లో ప్రారంభమైన రాజమహేంద్రవరం–కొవ్వూరు రోడ్డు-రైలు వంతెన సంగతే తీసుకోండి. దాని మీది రోడ్డు పొడవు 4 కిలోమీటర్ల పైమాటే. సరిగా నడిమధ్య చక్రంలో గాలి పోతే ఏ ఒడ్డుకు చేరాలన్నా సుమారు 2 కిలోమీటర్లు నెట్టుకుంటూ నడవాలి. గోదావరి మీద షాపు ఎవరు పెడతారు?

లంక గ్రామాల నుంచి వచ్చే పిల్లలకు ఈ కష్టం మరీ బాగా తెలుసు. ఇసుకలో దారి, ఆపైన రేవు, రేవులో పడవ. గట్టు మీద అరగంట ఆలస్యమైతే ఆఖరి పడవ దాటిపోవచ్చు. చీకటి పడినా అమ్మాయి ఇల్లు చేరకపోతే ఇంట్లోవాళ్ల గుండెలు ఎలా కొట్టుకుంటాయో ఆలోచించండి. అటువంటి సాయంత్రాలు రెండు గడిస్తే "ఇక సైకిలూ వద్దు, అంతదూరం చదువూ వద్దు" అనే మాట వచ్చినా ఆశ్చర్యం లేదు. ఆ మాట రానివ్వని సాధనం అరకిలో, ముప్పావుకిలో బరువుండే చిన్న పనిముట్ల సంచీ!

సైకిలు చరిత్రలో ఇందుకు పేరుపడ్డ కథ ఒకటి ఉంది. ఫ్రాన్సులో జరిగే 'టూర్ ద ఫ్రాన్స్' అనే గొప్ప సైకిలు పందెం గురించి వినే ఉంటారు. 1913లో ఆ పందెంలో యూజీన్ క్రిస్తోఫ్ అనే ఆయన తుర్మలే అనే కొండ దిగుతూండగా సైకిలు ముందు ఫోర్కు విరిగింది. ఎవరి సైకిలు వారే బాగు చేసుకోవాలి, ఇంకొకరు చెయ్యి వేయకూడదని ఆనాటి నియమం. ఆయన సైకిలును భుజాన వేసుకుని 10 కిలోమీటర్లకు పైగా నడిచి, కొండ కింది ఊళ్లో కమ్మరి కొలిమి వెతుక్కుని, ఫోర్కును తానే అతికించుకున్నాడు. కొలిమి తిత్తి ఊదడానికి ఒక కుర్రవాడు సాయపడ్డాడని పందెం అధికారులు శిక్షగా మరికొన్ని నిమిషాలు ఆయన లెక్కలో కలిపారు! ఆ రోజుల్లో పందెగాళ్లు అదనపు టైర్లను ఎనిమిది అంకె ఆకారంలో మడిచి రెండు భుజాల మీదుగా వీపుకు తగిలించుకునేవారు. పాత ఫోటోల్లో ఇప్పటికీ చూడవచ్చు.

సంచీలో ఏమేమి ఉండాలి?

పెద్ద జాబితా అక్కరలేదు. టైరు ఊడదీసే లివర్లు రెండు. పంచరు అతుకులు కొన్ని, సొల్యూషను ట్యూబు ఒకటి, గరుకు కాగితం ముక్క ఒకటి. మీ సైకిలు నట్లకు సరిపోయే పానా. గేరు సైకిలయితే నట్ల బదులు ఆరు పలకల గుంట ఉన్న బోల్టులుంటాయి కనుక వాటికి సరిపోయే 'ఎల్' ఆకారపు తాళాలు (అలెన్ కీలు). చిన్న స్క్రూడ్రైవరు. పాతగుడ్డ ముక్క. చేతనైతే మరో ట్యూబు. వీటితో పాటు గాలి పంపు.

ఇక్కడ రసాయనశాస్త్రం కూడా కాస్త ఉంది. సొల్యూషను అంటే ఆవిరైపోయే ద్రవంలో కరిగించిన రబ్బరు. పూసిన వెంటనే అతుకు వేస్తే ఆ ద్రవం లోపలే చిక్కుకుపోయి అతుకు గట్టిగా పట్టదు. కొన్ని నిమిషాలు ఆరనిచ్చి, వేలికి అంటీ అంటనట్టు ఉన్నప్పుడు అతికించి బాగా నొక్కాలి. గరుకు కాగితంతో ముందుగా రుద్దేది మురికీ జిడ్డూ పోయి సొల్యూషను పట్టు దొరకడానికి. ట్యూబుకు చిల్లి ఎక్కడుందో తెలుసుకోవడం మాత్రం మన ప్రాంతంలో బహు సులువు. కాలవ నీళ్లలో ముంచితే బుడగలే చెబుతాయి. ఒకసారి మూత తీసిన సొల్యూషను ట్యూబు కొన్నాళ్లకు తనంతట తానే ఎండిపోతుంది. కాబట్టి పరీక్షల ముందు పెన్నులో సిరా చూసుకున్నట్టే దాన్నీ చూసుకోవాలి.

చట్రంలోని త్రిభుజం

సైకిలు చట్రాన్ని పక్కనుంచి చూడండి. సీటు కింద నిలువు గొట్టం, పైన అడ్డగొట్టం (మనం 'రాడ్డు' అంటాం), కింద ఏటవాలు గొట్టం. మూడూ కలిసి దాదాపు త్రిభుజం. వెనక చక్రం వైపు మరో త్రిభుజం. 1885లో ఇంగ్లండులో జాన్ కెంప్ స్టార్లీ తయారుచేసిన 'రోవర్' సైకిలు ఈనాటి సైకిళ్లకు మూలం. రెండు చక్రాలూ దాదాపు ఒకే పరిమాణంలో ఉండి, గొలుసు వెనక చక్రాన్ని తిప్పే పద్ధతి దానితో స్థిరపడింది. కొద్ది సంవత్సరాల్లోనే చట్రం ఈ త్రిభుజాల ఆకారానికి వచ్చింది. అప్పటినుంచి పెద్దగా మారలేదు.

ఎందుకు మారలేదు? చీపురుపుల్లలతో పరీక్షించండి. నాలుగు పుల్లలను చివర్ల దారంతో కట్టి చతురస్రం చేయండి. ఓ మూల నొక్కితే అది పక్కకు వాలి సమచతుర్భుజం అయిపోతుంది. మూడు పుల్లలతో త్రిభుజం కట్టి నొక్కండి. పుల్ల విరగాలి తప్ప ఆకారం మారదు. భుజాల పొడవులు మారకుండా త్రిభుజం కోణాలు మారలేవు. మీరు రేఖాగణితంలో చదివిన భు-భు-భు నియమమే ఇది! అందుకే సన్నని గొట్టాలతో చేసిన చట్రం మనిషినీ, అతని మూటలనూ మోయగలుగుతోంది.

ఈ త్రిభుజం లోపలి ఖాళీ జాగాయే మన పనిముట్లకు అన్నిటికన్నా మంచి చోటు. దీనికి కారణాలు నాలుగు.

ఒకటి: ఎత్తు

సైకిలు నిలబెట్టి వదిలేస్తే పడిపోతుంది. అంటే దానిది అస్థిర సమతాస్థితి. సైకిలు ఒరిగినప్పుడు దాన్ని ఇంకా పడదోసేది బరువు తాలూకు భ్రామకం. భ్రామకం అంటే బరువును, అది పక్కకు జరిగిన దూరంతో గుణిస్తే వచ్చేది.

ఒక లెక్క చేద్దాం. మీ దగ్గర 10 కిలోల సామాను ఉంది. దాన్ని కేరియర్ మీద ఎత్తుగా పేర్చారు. దాని గరిమనాభి నేలనుంచి 100 సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకోండి. సైకిలు 10 డిగ్రీలు ఒరిగితే ఆ బరువు పక్కకు సుమారు 17 సెంటీమీటర్లు జరుగుతుంది. పడదోసే భ్రామకం 10 × 17 = 170 (కిలో-సెంటీమీటర్లలో). అదే సామాను నేలనుంచి 40 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటే అది జరిగేది 7 సెంటీమీటర్లే. భ్రామకం 70. ఆగి ఒంటికాలి మీద సైకిలును ఆపుకుంటున్నప్పుడు ఆ తేడా మీ కాలికే తెలుస్తుంది. పాలక్యాన్లు కేరియర్ పైన ఎక్కకుండా చక్రం పక్కకు దిగి వేలాడేది ఇందుకే.

ఇక్కడ తెలివైన విద్యార్థి ఒక ప్రశ్న వేయవచ్చు. "అరచేతిలో పెన్సిలు నిలబెట్టడం కష్టం, పొడవాటి గెడ నిలబెట్టడం సులువు. గెడ గరిమనాభి ఎత్తులోనే ఉంది కదా! అలాగయితే సైకిలు మీద కూడా బరువు ఎత్తులో ఉంటే మంచిది కాదా?"

మంచి ప్రశ్న. గెడ సులువుగా నిలబడడానికి కారణం, అది నెమ్మదిగా పడుతుంది. చెయ్యి జరిపి సరిదిద్దుకోవడానికి మనకు వ్యవధి దొరుకుతుంది. కదులుతున్న సైకిలు మీద మనం చేసేదీ అదే. ఎటు ఒరిగితే అటు హ్యాండిల్ కొద్దిగా తిప్పి, చక్రాలను గరిమనాభి కిందికి తెచ్చుకుంటాం. కాబట్టి చదునైన రోడ్డు మీద, తగిన వేగంతో పోతూన్నప్పుడు ఎత్తు బరువు అంత ఇబ్బంది పెట్టదు. ఇబ్బంది ఎప్పుడంటే ఆగినప్పుడు, ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు, గుంటలో చక్రం పడి ఒక్కసారిగా ఒరిగినప్పుడు. అప్పుడు వెంటనే సరిదిద్దుకోవాలి. ఎత్తు బరువు అంత వెంటనే కదలదు. పైగా అది నిలకడగా ఉండక, కేరియర్ మీద తాను వేరే ఊగుతుంది. ఇరుకు గట్టు, ఓ పక్క కాలవ, ఎదురుగా లారీ. అటువంటి చోట నెమ్మదిగా పడడం కన్నా త్వరగా నిలదొక్కుకోవడం ముఖ్యం.

రెండు: ముందు వెనుకలు

సైకిలును రెండు చక్రాల మీద ఆనించిన తులాదండంగా ఊహించండి. రెండు ఇరుసుల మధ్య దూరం సుమారు 110 సెంటీమీటర్లు.

కేరియర్ మీద 40 కిలోల కొబ్బరికాయల బస్తా కట్టారనుకుందాం. దాని గరిమనాభి వెనక ఇరుసుకు ఇంకా 15 సెంటీమీటర్లు వెనకగా ఉంది. అప్పుడు వెనక చక్రం మీద పడేది 40 కిలోలేనా? కాదు! 40 × 15 ÷ 110, అంటే సుమారు 5.5 కిలోలు ముందు చక్రం మీదినుంచి తగ్గుతాయి. అవి కూడా వెనక చక్రమే మోయాలి. మొత్తం 45.5 కిలోలు. ముందు చక్రం తేలికయితే నేలను గట్టిగా పట్టుకోదు. హ్యాండిల్ తిప్పినా సైకిలు మాట వినదు. వంతెన ఎక్కేటప్పుడు మరీను. స్టాండు వేసినప్పుడు ముందు చక్రం గాలిలోకి లేచి, హ్యాండిల్ తిరిగిపోయి సైకిలు పడిపోయేది కూడా ఇందువల్లే. బస్తాలు మోసేవారు సైకిలు కింద ఒక కర్రపోటు పెట్టుకుంటారు, గమనించారా?

ఇప్పుడు పనిముట్ల సంచీ 3 కిలోలనుకుందాం. దాన్ని త్రిభుజంలో, వెనక ఇరుసుకు 60 సెంటీమీటర్లు ముందుగా కట్టాం. ముందు చక్రం మీద పడేది 3 × 60 ÷ 110 = 1.64 కిలోలు. వెనక చక్రం మీద పడేది 1.36 కిలోలు. దాదాపు సరిసమానం! మీ సైకిలుకు ఆ బరువు ఉన్నట్టే తెలియదు.

ముందు వెనుకల లాగే కుడి ఎడమలు కూడా చూడాలి. పాలవారు ఓ క్యానులోంచే 5 లీటర్లు పోసేశారనుకోండి. ఆ క్యాను చక్రం నడిమి గీతకు 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే తేడా భ్రామకం సుమారు 5 × 30 = 150. మనిషి, సైకిలు, మిగిలిన పాలు కలిపి 115 కిలోలయితే మొత్తం గరిమనాభి 150 ÷ 115, అంటే 1.3 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. దారి పొడవునా ఆయన ఆ మేరకు అవతలి వైపు ఒరిగి తొక్కవలసి వస్తుంది. అందుకే అనుభవం ఉన్నవారు ఓ ఇంటికి కుడి క్యానులోంచి పోస్తే, రెండో ఇంటికి ఎడమ క్యానులోంచి పోస్తారు.

మూడు: హ్యాండిల్ సంగతి

అన్నిటికన్నా ప్రమాదకరమైన అలవాటు హ్యాండిల్‌కు సంచి తగిలించడం. దీనిలో మూడు చిక్కులున్నాయి.

మొదటిది జడత్వం. హ్యాండిల్ తిరిగే అక్షం నుంచి దూరంగా ఉన్న బరువును తిప్పడం కష్టం. ఆ కష్టం దూరం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 2 కిలోల సంచి అక్షానికి 10 సెంటీమీటర్ల దూరంలో ఉన్నప్పటికన్నా 30 సెంటీమీటర్ల దూరంలో ఉన్నప్పుడు దాన్ని తిప్పడం 9 రెట్లు కష్టం. సంచి ఒక పక్కే ఉంటే హ్యాండిల్‌ను తన వైపుకు లాగుతూ కూడా ఉంటుంది. సైకిలు నిలబడేదే హ్యాండిల్‌ను క్షణక్షణం కొద్దికొద్దిగా తిప్పుకోవడం వల్ల. ఆ కదలికకే మనం సంకెళ్లు వేస్తున్నామన్నమాట.

రెండోది డోలనం. తాడుకు వేలాడే సంచి ఒక లోలకం. 1 మీటరు పొడవున్న లోలకం ఒకసారి అటూ ఇటూ ఊగి రావడానికి సుమారు 2 సెకండ్లు పడుతుందని చదువుకున్నారు కదా. పొడవు నాలుగో వంతయితే ఆవర్తన కాలం సగమవుతుంది. అంటే 25 సెంటీమీటర్ల లోలకానికి 1 సెకండు. హ్యాండిల్‌కు వేలాడే మీ సంచి పొడవు ఇంచుమించు అంతే. మరి మీరు పెడలు ఎంత వేగంగా తొక్కుతారు? తాపీగా తొక్కితే నిమిషానికి 60 చుట్లు. చుట్టుకు 1 సెకండు! పెడలు ఒక్కో చుట్టుకూ సైకిలు అటొకసారి ఇటొకసారి కొద్దిగా ఒరుగుతుంది. ఉయ్యాలను సరిగ్గా అదనుకు తోసినట్టు ప్రతి చుట్టూ సంచీని తోస్తుంది. ఊపు పెరుగుతూ పోతుంది. దీనినే అనునాదం అంటారు. టిఫిను కేరేజీ ఉన్నట్టుండి గంటలా ఊగడం మొదలుపెడితే కారణం ఇదే. తొక్కే వేగం కాస్త మార్చి చూడండి, ఊపు తగ్గుతుంది.

మూడోది అసలు ప్రమాదం. ఊగే సంచి, దాని పట్టీ, చున్నీ, తాడు వంటివేవైనా ముందు చక్రం స్పోకుల మధ్యకు పోతే చక్రం అక్కడికక్కడే బిగుసుకుపోతుంది. గంటకు 15 కిలోమీటర్ల వేగమంటే సెకండుకు 4 మీటర్లకు పైనే. చక్రం ఆగింది, కాని జడత్వం వల్ల మీ శరీరం ఆ వేగంతోనే ముందుకు పోతుంది. హ్యాండిల్ మీదుగా తలకిందులుగా పడతారు. చేతులూ, పళ్లూ, తలా మొదట దెబ్బతినేవి. ఈ వ్యాసంలో మీరు ఒక్క వాక్యమే గుర్తు పెట్టుకోదలిస్తే ఇది పెట్టుకోండి: ముందు చక్రం దరిదాపుల్లో వేలాడే వస్తువు ఏదీ ఉండకూడదు.

నాలుగు: కుదుపులు

వంతెన మీద ప్రతి అతుకు దగ్గరా, గట్టు మీద ప్రతి గుంట దగ్గరా సైకిలు కంపిస్తుంది. వదులుగా ఉన్న సంచీలో పానా, లివర్లు ఒకదానితో ఒకటి కొట్టుకుంటాయి. ఆ చప్పుడు చికాకు మాత్రమే కాదు. పానా అంచు సొల్యూషను ట్యూబును చీరేస్తుంది. కొత్త ట్యూబును రాపాడి రాపాడి చిల్లి చేస్తుంది. అవసరానికి తీస్తే అదనపు ట్యూబుకూ పంచరే! అందుకని ఇనుప వస్తువులను గుడ్డలో విడివిడిగా చుట్టాలి. మన డెల్టా గాలిలో తేమ ఎక్కువ కనుక చుట్టేముందు ఒక్క చుక్క నూనె రాసి, ఆపైన ప్లాస్టిక్ కవరులో పెడితే తుప్పు పట్టదు.

కట్టడానికి తాడు కన్నా పాత ట్యూబును పొడవుగా కోసిన పట్టీలు మేలు. ఎందుకని? కుదుపులకు సామాను కాస్త సర్దుకుని కుదించుకుపోతుంది. తాడు సాగదు, కాబట్టి ఒక్క సెంటీమీటరు సందు ఏర్పడినా పూర్తిగా వదులైపోతుంది. రబ్బరును మనం ముందే సాగదీసి కడతాం. సామాను కుదించుకుంటే రబ్బరు కూడా కుదించుకుని ఇంకా నొక్కే ఉంచుతుంది. దానికితోడు రబ్బరుకూ గొట్టానికీ మధ్య ఘర్షణ ఎక్కువ, జారదు. మన పంచరు షాపుల్లో పారేసే వస్తువే ఇంత పనికొస్తుంది!

త్రిభుజంలో కట్టేటప్పుడు మరో రెండు సంగతులు చూసుకోవాలి. సంచి వెడల్పు తక్కువగా ఉండాలి, లేకపోతే మోకాళ్లకు తగులుతుంది. పెడలు కమ్మీ, గొలుసు, బ్రేకు తీగ, గేరు తీగ వీటిలో దేనికీ అడ్డు రాకూడదు. కట్టిన తరువాత పెడలును వెనక్కి ఒక పూర్తి చుట్టు తిప్పి, హ్యాండిల్‌ను రెండు పక్కలకూ పూర్తిగా తిప్పి చూసుకోండి. పాతకాలపు సైకిళ్లకు సీటు వెనక చిన్న తోలుసంచీ, చట్రం గొట్టానికి గాలి పంపూ ఉండేవి. ఇవి కూడా మంచి చోట్లే. తోలుసంచీ సీటుకు బిగుతుగా ఆనుకుని ఉండేది, ఊగేది కాదు.

రెండు వందల కిలోలు మోసిన సైకిళ్లు

చట్రానికి బరువు కట్టే విద్య చరిత్రనే మార్చిన సందర్భం ఒకటి ఉంది. 1954లో వియత్నాంలో దియెన్ బియెన్ ఫూ అనే చోట ఫ్రెంచి సైన్యంతో యుద్ధం జరిగింది. చుట్టూ అడవులు, కొండలు. లారీలు పోలేని దారుల్లో వియత్నాం ప్రజలు బియ్యాన్నీ, మందుగుండునూ వేలాది సైకిళ్ల మీద చేరవేశారు. వాళ్లు సైకిలు తొక్కలేదు, నెట్టుకుంటూ నడిచారు. చట్రానికి రెండు పక్కలా బస్తాలు కిందికంటా కట్టారు. పక్కన నడుస్తూ తిప్పడానికి హ్యాండిల్‌కు పొడవాటి వెదురు కర్ర, వెనకనుంచి పట్టుకుని నెట్టడానికి సీటు దగ్గర మరో కర్ర బిగించారు. అలా ఒక్కో సైకిలు 200 కిలోలకు పైగా మోసింది. బరువు చక్రాలు మోస్తాయి, మనిషి సమతుల్యం మాత్రమే చూసుకుంటాడు. అదే మనిషి భుజాన అందులో నాలుగో వంతు మోయడం కూడా కష్టమే. ఆ ఏడాది మే 7న ఫ్రెంచి కోట పడిపోయింది.

కొండ సైకిలు

ఈమధ్య మన పట్టణాల్లో లావాటి టైర్లు, గేర్లు ఉన్న సైకిళ్లు చాలా కనబడుతున్నాయి. వీటికి 'మౌంటెన్ బైకు' అని పేరు, అంటే కొండ సైకిలు. దీని పుట్టుక తమాషాగా ఉంటుంది. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో కొందరు యువకులు పాత లావు టైర్ల సైకిళ్ల మీద కొండ మట్టిదారుల్లో దిగుతూ 1976లో పందేలు మొదలుపెట్టారు. పెడలు వెనక్కి తొక్కితే పడే బ్రేకు ఆ సైకిళ్లకుండేది. కొండ దిగేసరికి ఘర్షణకు హబ్బు వేడెక్కి లోపలి గ్రీజు పొగలై పోయేది. మళ్లీ హబ్బు విప్పి గ్రీజు కూరవలసి వచ్చేది. అందుకే ఆ దారికి 'రీప్యాక్' (మళ్లీ కూరడం) అనే పేరు వచ్చింది! 1977లో జో బ్రీజ్ అనే ఆయన ఇటువంటి దారుల కోసమే ప్రత్యేకంగా చట్రం తయారుచేశాడు.

డెల్టా చదునుగా ఉంటుందిగాని, ఉత్తరంగా పోతే మారేడుమిల్లి–చింతూరు ఘాట్ రోడ్డు ఉంది. అక్కడ దారి అంతా అడవి, మలుపులు. పంచరు షాపుకు ఎంతో దూరం. అటువంటి చోటుకు కొండ సైకిలు మీద వెళ్లేవారు పనిముట్లు ఎక్కడ పెట్టుకుంటారు? ఆ సైకిలు చట్రంలో ఏటవాలు గొట్టానికి నీళ్లసీసా పంజరం బిగించేందుకు రెండు మరల రంధ్రాలు ఉంటాయి. పంపు పట్టీని, పనిముట్ల డబ్బాను అక్కడే బిగించుకోవచ్చు. లేదా త్రిభుజంలో సరిపోయే సన్నని సంచీ కట్టుకోవచ్చు. మన వడ్రంగి మేస్త్రి గోనెసంచీకి ఇది ఖరీదైన తమ్ముడు!

అయితే మూడు జాగ్రత్తలు. స్ప్రింగు ఫోర్కులో పైకీ కిందికీ జారే భాగానికి ఏదీ కట్టకూడదు. గతుకు తగిలినప్పుడు ఆ భాగం తేలికగా లేస్తేనే స్ప్రింగు పని చేసేది. కార్బను నారతో చేసిన చట్రాలను ఇనుప బిగింపులతో గట్టిగా నొక్కకూడదు. వాటి పలుచని గోడ చితికిపోతుంది. సామాను బిగించడానికని చట్రానికి కొత్త రంధ్రాలు అసలే వేయకూడదు. రంధ్రం చుట్టూ బలమంతా కేంద్రీకరించి, కుదుపులకు అక్కడినుంచే పగులు మొదలవుతుంది. కాగితానికి చిన్న గాటు పెట్టి లాగితే సరిగ్గా అక్కడే చిరుగుతుంది చూడండి, అలాగన్నమాట.

మీరే చేసి చూడండి

1. ఇంట్లో గాని, ఆసుపత్రిలో గాని మనుషుల బరువు చూసే తూనిక ఉంటుంది. సైకిలు వెనక చక్రాన్ని దాని మీద నిలబెట్టి, ముందు చక్రం కింద అంతే ఎత్తు పలక పెట్టండి. ఒకరు నిటారుగా పట్టుకోవాలి. వెనక చక్రం బరువు రాసుకోండి. తరువాత చక్రాలు మార్చి ముందు బరువు చూడండి. ఇప్పుడు మీ పుస్తకాల సంచీని హ్యాండిల్‌కు, కేరియర్‌కు, త్రిభుజంలో, మూడు చోట్లా కట్టి మళ్లీ కొలవండి. పట్టిక తయారుచేయండి. ఏ చోట కట్టినా రెండు అంకెల మొత్తం ఒకటే వస్తుందా?

2. హ్యాండిల్‌కు వేలాడే సంచీని, సైకిలుకు స్టాండు వేసి ఉంచి, మెల్లగా ఊపి 20 డోలనాలకు పట్టే కాలం కొలవండి. మీరు మామూలుగా తొక్కేటప్పుడు పెడలు 20 చుట్లకు పట్టే కాలం స్నేహితుణ్ణి కొలవమనండి. రెండూ దగ్గరగా ఉన్నాయా? ఈ ప్రయోగం అయిపోగానే సంచీని అక్కడినుంచి తీసేయడం మరచిపోకండి!

3. మీ ఊళ్లో సైకిలు మీద బతికేవారిని ఒకరిని ఎంచుకోండి. పాలవారు, సానపట్టేవారు, చేపలమ్మేవారు ఎవరైనా సరే. వారి సామాను ఏది ఎక్కడ కట్టారో బొమ్మ గీయండి. "అక్కడే ఎందుకు కట్టారండీ?" అని మర్యాదగా అడగండి. వారు చెప్పే జవాబులో 'గరిమనాభి' అనే మాట ఉండదు. కాని గరిమనాభి మాత్రం తప్పకుండా ఉంటుంది. అది ఏ వాక్యంలో దాగి ఉందో పట్టుకోవడం మీ పని.

రేపు బడికి బయలుదేరే ముందు మీ సైకిలు చుట్టూ ఒక్కసారి తిరిగి చూసుకోండి. సంచి హ్యాండిల్ దిగి కేరియర్ మీద బిగుతుగా కూర్చుందా? పనిముట్లు త్రిభుజంలోకి చేరాయా? ముందు చక్రం దగ్గర వేలాడేది ఏమీ లేదు కదా? అయితే ఇక తొక్కండి!